గట్టుకి ఇవతలి బోరు

బతికున్న బోరులోకి కెమెరా దింపమని నన్నెవరూ పిలవరు. నీళ్ళు పడుతున్నంతకాలం లోపల ఏముందో ఎవరికీ అక్కర్లేదు. మోటారు ఇరుక్కున్నాకో, నీళ్ళకి బదులు ఇసుక రావడం మొదలయ్యాకో, రాజమండ్రిలో నా గది వెతుక్కుంటూ వస్తారు. వచ్చినవాళ్ళు నన్ను పెద్ద డాక్టరు కింద చూస్తారు గానీ నేను చేసేది శవపరీక్ష. పైపు లోపలికి కెమెరా దింపుతాను. ఎంత లోతులో ఎంత వెడల్పు మిగిలిందో కొలుస్తాను. ఎక్కడ వంగిందో, ఎక్కడ చిల్లు పడిందో చెప్పి కేసెట్ చేతిలో పెడతాను. వైద్యం నా దగ్గర లేదు. ఈ ముక్క ముందే చెప్పినా ఎవరూ వినిపించుకోరు.

ఆ ఏడు వేసవిలో మెట్ట ప్రాంతమంతా నీళ్ళు కిందికి దిగిపోయాయి. జంగారెడ్డిగూడెం చుట్టుపక్కల ఏ తోటలో చూసినా మూడు కాళ్ళ స్టాండు వేసి మోటార్లు పైకి లాగుతూనే ఉన్నారు. నేనూ, డ్రైవరు లాజరూ తోటలోంచి తోటలోకి తిరుగుతూనే ఉన్నాం. నా నడుం పట్టేసింది. నల్లగుడ్డ కింద టీవీ చూసీ చూసీ కళ్ళు మండుతున్నాయి. స్టీరింగు పట్టుకుంటే పాట ఆపని లాజరు కూడా నోరు మూసుకున్నాడు. నేను ఆదివారం చర్చిలో కనబడ్డం మానేసి చాలాకాలమైంది. "ఎజ్రా గారు అసలు ఊళ్ళో ఉన్నారా అమ్మా?" అని పాస్టరు గారు మా ఆవిణ్ణి అడిగారట. ఉన్నానో లేనో నాకే తెలియడం లేదు.

దుర్గాసాయి అలాంటప్పుడు వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయేమో, నల్లగా బలంగా ఉన్నాడు. ఫోను చేస్తే సరిపోయేదానికి బస్సెక్కి వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు. లేవమంటే లేవలేదు. మర్నాడు పొద్దున్నే మా వ్యానులోనే ఎక్కించుకుని బయల్దేరాం. దారి పొడుగునా తన గోడు చెబుతూనే ఉన్నాడు.

"మోటారు కాలిందండి. లాగుదామని స్టాండు వేస్తే, జానెడు కూడా పైకి రాకుండానే బిగిసిపోయింది. గొలుసు కప్పీ వేసి లాగాం. మోటారు వేలాడే పైపు తెగి పైకొచ్చేసింది, మోటారు లోపలే ఉండిపోయింది. రాళ్ళు వేశాడండి."

"ఎవరు?"

"ఇంకెవరండి, మా అన్న. అప్పాజీ."

వాళ్ళది పామాయిల్ తోట. తండ్రి పోయాక అన్నదమ్ములు పంచుకున్నారు. మధ్యలో గట్టు వేసుకున్నారు, గట్టుకి ఇవతల ఒక బోరు, అవతల ఒక బోరు. అన్న బోరు వేసినప్పటి నుంచే తన బోరులో నీళ్ళు తగ్గాయని దుర్గాసాయి అంటాడు. ఆ మాట మీదే చెడింది. ఒకరి శుభకార్యానికి ఇంకొకరు వెళ్ళడం లేదు, మాటల్లేవు. గెలలు మోసే ట్రాక్టరు కూడా ఒకే రోజు ఇద్దరి తోటలకీ రాకూడదట.

"రాళ్ళు కనబడనివ్వండి," అన్నాడు దుర్గాసాయి. "ఆ కేసెట్ తీసుకుని సరాసరి పోలీస్ స్టేషన్‌కే వెళ్తాను. మా అమ్మ అడ్డం పడుకున్నా ఆగను. రెండు వేసవులు నీళ్ళు లేకపోతే తోటంతా నరికేసుకోవడమే. నన్ను నిలువునా నరికినట్టే కదండీ అది? వాడు జైలుకి వెళ్ళాల్సిందే."

నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. ఇలాంటి ఊఁలు ఎన్ని కొట్టానో. బోరు దగ్గరికి నన్ను పిలిచే జనంలో సగం మంది వెతికేది నీళ్ళు కాదు, ఎవడో ఒక శత్రువుని. తీరా చూస్తే పైపు తుప్పుపట్టి కూలిపోయి ఉంటుంది. తుప్పు మీద కేసు పెట్టలేక నా మీద విసుక్కుంటారు.

తోట చేరేసరికి ఎండ ముదిరింది. బోరు చుట్టూ ఐదారుగురు ఊరివాళ్ళు చేరారు. గట్టు అవతల తన పామాయిల్ చెట్టు నీడలో చేతులు కట్టుకుని నిలబడినాయన అప్పాజీ. రాకపోతే తప్పు చేసినవాడవుతాడని ఎవరో చెబితే వచ్చాడట. వచ్చాడు గానీ గట్టు దాటలేదు.

"ఏమండీ కెమెరా గారూ," అని అక్కడి నుంచే కేకేశాడు నన్ను. "రాళ్ళు లేకపోతే ఏం చేస్తాడో ముందే అడగండి ఆయన్ని."

దుర్గాసాయి అటు చూడకుండా నాతోనే అన్నాడు. "ఉంటాయని చెప్పండి ఆయనకి."

వాళ్ళ మధ్య దూరం పట్టుమని పదిహేను అడుగులు లేదు. ఒకరి మాట ఇంకొకరికి శుభ్రంగా వినబడుతోంది. అయినా ఇద్దరూ నా ముఖం చూస్తూ మాట్లాడుతున్నారు. "నేను కెమెరా తెచ్చానండి, మైకు తేలేదు," అన్నాను. లాజరు ఒక్కడే నవ్వాడు.

బోరు పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది వాళ్ళ తల్లి, పాపాయి. బక్కపలచటి మనిషి, తల ముగ్గుబుట్ట. పంపకాల్లో పొలంతో పాటు ఈవిడనీ పంచుకున్నారని లాజరు ఎవరినో అడిగి కనుక్కొచ్చాడు. ఒక నెల పెద్దకొడుకు ఇంట్లో, ఒక నెల చిన్నకొడుకు ఇంట్లో. ఆ నెల చిన్నకొడుకు వంతు.

కేబుల్ చుట్టిన డ్రమ్ము దింపి, కెమెరా తల తుడిచి, బల్బులు వెలిగించాను. కెమెరా చుట్టూ నాలుగు స్ప్రింగు చువ్వలుంటాయి. పైపు గోడలకి ఆనుకుంటూ దిగుతాయి. దారి ఇరుకైన చోట అవి ముడుచుకుంటే, లోపల ఎన్ని అంగుళాలు మిగిలాయో టీవీ పక్కనున్న మీటరులో కనబడుతుంది. వెలుతురుకి వ్యానులోని టీవీలో ఏమీ కనబడదు కాబట్టి నల్లగుడ్డ కప్పుకుని చూడాలి. ఆ గుడ్డ కింద రెండు తలలు పడతాయి. రెండోది దుర్గాసాయి తల. వాడి చెమటా నా చెమటా కలిసిపోయాయి.

కేసింగ్ పైపు పైనుంచి కిందిదాకా గుండ్రంగా, చక్కగా ఉంది. ఎక్కడా వంకర లేదు. మీటరులో ముల్లు ఆరున్నర అంగుళాల దగ్గరే నిలబడింది. ఆ తర్వాత నీళ్ళు. నీళ్ళలోకి దిగి కాస్త పోయేసరికి టీవీ అంతా ఎర్రమట్టి రంగు అయిపోయింది.

"ఏమైందండి?"

"నీళ్ళు కలకబారి ఉన్నాయి. ఎవరైనా పొడిచారా లోపల?"

దుర్గాసాయి నసిగాడు. మోటారు వదులవుతుందేమోనని, తను దారిలో ఉండగా మనుషులు పొద్దున్నే బరువైన ఇనపగడ తాడుకి కట్టి దింపి కుళ్ళబొడిచారట. "కెమెరా పెట్టేముందు ఎవరైనా పొడుస్తారా అండీ!" అని అరిచాను. అరిచే ఓపిక నాలో ఉందని అప్పుడే తెలిసింది. మట్టి తేరుకునేదాకా చేసేదేమీ లేదు. ఆ రోజు ఇంకో ఊళ్ళో ఇంకో బోరు ఉంది నాకు. దాని ఆశ వదులుకున్నాను.

దుర్గాసాయి భార్య సూర్యకళ అక్కడికే క్యారేజీ పంపించింది. మామిడికాయ పప్పూ, వడియాలూ. తిండి బాగుంది, తినే ఓపికే లేదు. వ్యాను నీడలో గోనెపట్టా పరుచుకుని నడుం వాల్చాను. కళ్ళు మూతలు పడుతుండగా పాపాయి గారు వచ్చి కూర్చుంది, చేతిలో మజ్జిగ గ్లాసు.

"తాగు బాబూ. ఎండ దెబ్బ తగులుద్ది."

తాగాను. ఆవిడ వెళ్ళలేదు.

"బాబూ, ఆ కెమెరాకి అన్నీ కనబడతాయా?"

"కనబడతాయి మామ్మగారూ."

"నీళ్ళ అడుగున ఉన్నయ్యి కూడానా?"

"నీళ్ళు తేరుకుంటే అవీ కనబడతాయి."

కాసేపు చీరకొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "అంత పెద్ద మోటారు కదా. రాయంటే రాయి గానీ, ఏదైనా చిన్న వస్తువు పడితే కూడా అడ్డం పడుద్దా?"

నాకు విసుగొచ్చింది. "మామ్మగారూ, మోటారుకీ బయటి కేసింగ్ పైపుకీ మధ్య నా బొటనవేలంత సందు ఉంటుంది. పైనుంచి పడ్డది ఏదైనా వచ్చి మోటారు నెత్తి మీద ఆగుతుంది. మోటారు నడిచినంతకాలం దాని పాటికి అది అలాగే ఉంటుంది. పైకి లాగారో, ఆ సందులోకి దిగి బిగుసుకుంటుంది. ఎంత లాగితే అంత బిగుస్తుంది. చిన్నదైనా అంతే, పెద్దదైనా అంతే."

ఆవిడ ముఖంలో రక్తం లేదు. "ఏమీ కనబళ్ళేదని చెబితే సరిపోదా బాబూ?" అంది చివరికి, వినీ వినబడనట్టు.

పెద్దకొడుకుని కాపాడుకోవాలని తాపత్రయపడుతోందని అనుకున్నాను. ఇలా అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. భర్తల కోసం, పాలేళ్ళ కోసం అడిగారు. "కేసెట్ తిరుగుతుంది కదమ్మా. నేను చెప్పకపోయినా అది చెబుతుంది," అన్నాను. అటు తిరిగి పడుకున్నాను. ఆవిడ గ్లాసు తీసుకుని లేచిన చప్పుడు వినబడింది. పాపం అనిపించింది గానీ, ఆ వేసవిలో నేను పాపం అనుకోని మనిషి లేడు. అందరి కోసం బాధపడాలంటే నాకు రెండో గుండె కావాలి.

పొద్దు వాలుతుండగా మళ్ళీ దింపాం. నీళ్ళు తేరుకున్నాయి. గుడ్డ కింద దుర్గాసాయి టీవీ మీదికి వంగాడు. తెగిన పైపు కొస కనబడింది, దాని కింద మోటారు తల. ఒక పక్కగా ఏదో పసుపుపచ్చగా మెరిసింది.

"అదేనండి! అదే రాయి!"

"ఉండండి."

కెమెరా తల ఆ పక్కకి తిప్పాను. అది రాయి కాదు. చిన్న ఇత్తడి చెంబు. పక్కకి ఒరిగి, మోటారుకీ పైపు గోడకీ మధ్య సందులో సగం దిగబడి నొక్కుకుపోయింది. మూతికి గుడ్డ కట్టి ఉంది, మెడకి పసుపుదారం. చువ్వలు ముడుచుకుని మీటరు ముల్లు పడిపోయింది. ఇనపగడతో ఎంత పొడిచారో గానీ చెంబు పొట్ట సొట్టలు పడింది.

నేను కొలతలు రాసుకుంటుండగానే దుర్గాసాయి గుడ్డ విసిరికొట్టి బయటికి దూకాడు.

"చేతబడి!" అని అరిచాడు. "రాళ్ళు కూడా కాదు, చేతబడి చేయించాడు! పసుపుదారం కట్టి చెంబు వేశారు నా బోరులో. మా వదిన పనే ఇది. నేను పోతే తోటంతా ఏలుకుందామని!"

అక్కడున్నవాళ్ళంతా వ్యాను మీదికి ఎగబడ్డారు. ఒక్కొక్కడే గుడ్డ కింద తల పెట్టి చూసి, "చెంబేనండోయ్," అని బయటికొచ్చి వెనక్కి తగ్గుతున్నాడు. రాళ్ళయితే పోలీసు కేసు. చేతబడి అంటే ఊళ్ళో ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. అప్పాజీకి ఇంకా బాగా తెలుసు. అంతసేపూ కట్టుకున్న చేతులు విప్పేశాడు.

"కెమెరా గారూ!" అని కేకేశాడు. "నా భార్య పేరు ఎత్తొద్దని చెప్పండి. మేం అలాంటి మనుషులం కాదని చెప్పండి!"

దుర్గాసాయి అప్పటికే స్టాండు కింద పడున్న పైపు ముక్క చేతిలోకి తీసుకున్నాడు. లాజరు వెనకనుంచి నడుం పట్టుకున్నాడు. వాడూ అలిసిపోయే ఉన్నాడు, దుర్గాసాయి వాణ్ణి కూడా ఈడ్చుకుంటూ గట్టు మీదికి వెళ్ళిపోతున్నాడు.

"ఒరే చిన్నోడా, ఆగు."

పాపాయి గారు పీట మీంచి లేచి గట్టు మీద అడ్డంగా నిలబడింది.

"మీ వదిన ఎందుకేస్తుందిరా? అది నేనేశాను."

పైపు ముక్క ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"నువ్వేంటి?"

"నేనేరా. నిరుడు నీళ్ళు సన్నగిల్లినప్పుడు గంగమ్మకి మొక్కుకున్నాను. బోరు పక్కన పొంగలి పెడితే కుక్కలు తినేస్తున్నాయి, కొబ్బరికాయ కొడితే కాకులు ఎత్తుకుపోతున్నాయి. తల్లికి ఏం చేరినట్టు? ఆవిడుండేది అడుగున కదా. అందుకని గుప్పెడు బియ్యం, పసుపు కుంకుమ చెంబులో పోసి, గుడ్డ కట్టి, బోరు మూత పక్కకి జరిపి లోపలికే వదిలాను. చల్లగా చూడు తల్లీ అని దణ్ణం పెట్టుకున్నాను. మోటారు నెత్తి మీద ఆగిపోద్దని నాకేం తెలుసు? ఇందాక ఆ బాబు చెప్పేదాకా తెలీదు. చెప్పినప్పటినుంచీ నా ప్రాణం నాలో లేదు."

నా మజ్జిగ గ్లాసు, ఆవిడ తెల్లబోయిన ముఖం గుర్తొచ్చి సిగ్గేసింది. ఆవిడ కాపాడుకోబోయింది తనని తాను. నన్ను ఓ మాట అడిగితే అటు తిరిగి పడుకున్నాను.

ఊరివాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. అప్పాజీ నడుం నిటారైంది. "విన్నారాండి కెమెరా గారూ? ఇప్పుడేమంటాడో అడగండి. నా మీద కేసు పెడతానన్నాడు, నా ఇంటి ఆడదాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. అమ్మవారు ఉందండి. ఎవరి బోరు ఆపాలో ఆవిడకి తెలుసు."

దుర్గాసాయి అన్న మాట పట్టించుకోలేదు. తల్లి వంకే చూస్తున్నాడు. కోపం కంటే దెబ్బ ఎక్కువ తగిలినట్టుంది వాడికి. గొంతు పిల్లవాడి గొంతులా అయిపోయింది.

"నా బోరే దొరికిందా అమ్మా నీకు? మొక్కులకి బలవ్వడానికి నేను, చల్లగా ఉండడానికి వాడు. మొదట్నుంచీ అంతే కదా. వాడంటేనే ముద్దు నీకు. ఇది కూడా వాణ్ణి కాపాడ్డానికే చెబుతున్నావేమో. నిజంగా మొక్కే అయితే నా ఒక్కడి బోరులోనే ఎందుకేస్తావు?"

"నీ ఒక్కడి బోరులో వేశానని ఎవరు చెప్పార్రా?" అంది పాపాయి గారు. ఆ మాటకి నిజంగానే కోపమొచ్చింది ఆవిడకి. "పంపకాలైనప్పటి నుంచీ ఒక గిద్దెడు నెయ్యి కూడా ఒకడికి ఎక్కువ ఒకడికి తక్కువ పెట్టలేదు నేను. మీ నాన్న కొన్న జత చెంబులవి. ఒకే శుక్రవారం, ఒకే పూట వేశాను. నీ దాంట్లో ఒకటి, వాడి దాంట్లో ఒకటి."

గట్టు అవతల అప్పాజీ బోరు మోటారు హాయిగా నడుస్తోంది, కాలువలో నీళ్ళ చప్పుడు వినబడుతోంది.

అప్పాజీ వెనక్కి తిరిగి తన బోరు వైపు చూశాడు. ఎవరితోనూ కాకుండా, పైకే అన్నాడు. "రేపు పొద్దున్న మనుషులొస్తున్నారు. నీళ్ళు దిగిపోతున్నాయి, మోటారు పైకి లాగి ఇంకో రెండు పైపులు కలిపి దింపుదామని."

నేను కేబుల్ తుడుస్తూ ఉన్నాను. నాకు ఇక ఏ మాటా మొయ్యాలని లేదు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. వీళ్ళ గొడవ వీళ్ళు పడితే, కేసెట్ ఇచ్చేసి చీకటి పడేలోగా జంగారెడ్డిగూడెం చేరదామని ఉంది.

దుర్గాసాయి చేతిలో పైపు ముక్క కింద పడేశాడు. నా వంక చూడలేదు. గట్టు అంచుదాకా నడిచి, అవతలికి చూస్తూ నిలబడ్డాడు.

"లాగకన్నయ్యా," అన్నాడు. "గొలుసేసి లాగావంటే నాలాగే పైపు తెగుద్ది."

అప్పాజీ అలవాటుగా జవాబు కోసం నా వైపు తిరిగాడు. నేను తల ఎత్తలేదు.

"మరేం చేద్దాంరా?" అని తమ్ముణ్ణే అడిగాడు.